నా సొరుగులో సార్ సంతకం

బొల్లారంలో మా మందుల ఫ్యాక్టరీ క్వాలిటీ సార్ సంతకం మూడేళ్లు నా టేబుల్ సొరుగులో ఉంది. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉండే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ అది. కంప్యూటర్‌కి పెట్టి పిన్ కొడితే, ఈ సరుకు పరీక్షలో పాసైందని చెప్పే సర్టిఫికెట్ మీద సార్ సంతకం పడుతుంది. పిన్ మరిచిపోకుండా తెల్ల టేపు మీద రాసి దానికే అంటించాను. దసరాకి ఆయుధ పూజలో కుంకుమ బొట్టు కూడా పెట్టాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పొద్దని ఫ్యాక్టరీ అంతటికీ మెయిళ్లు పెట్టే కంప్యూటర్ల ఇన్‌ఛార్జిని నేనే మరి!

సార్ కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. ల్యాబ్ వదిలి రారు. ప్రతిదానికీ ఆయన్ని పిలిస్తే పని సాగదని మొదట్లో నేనే టోకెన్ అడిగి తీసుకున్నాను. డిస్పాచ్ వాళ్లు ఫైలు పంపేవాళ్లు, నేను పిన్ కొట్టేవాణ్ణి. ఫైలు చదివిన పాపాన పోలేదు.

ఆ మధ్యాహ్నం సరుకు నింపుకొని లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. సాయంత్రంలోగా ముంబై హైవే ఎక్కకపోతే ఓడ అందదు. డిస్పాచ్ చూసే అన్న వచ్చి నా నెత్తి మీద కూర్చున్నాడు. పిన్ కొట్టాను. తప్పు అంది. ఇంకా రెండు అవకాశాలే అంది.

వేలు జారిందేమోనని, టేపు చూస్తూ ఒక్కో అంకె నొక్కాను. మళ్లీ తప్పే. ఇక మిగిలింది ఒక్కటే అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. అదీ పోతే టోకెన్ లోపల సంతకం వేసే డిజిటల్ కీ శాశ్వతంగా మూసుకుపోతుంది. దానికి నకలు ఉండదు. కొత్తది రావాలంటే దరఖాస్తు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అప్పటిదాకా ఫ్యాక్టరీ నుంచి ఒక్క డ్రమ్ము కదలదు. కదిలేది నా ఉద్యోగమే.

"ఏంది తమ్మీ గట్ల సూస్తున్నవ్? ఇంకోపారి కొట్టు. డ్రైవర్ పరేషాన్ జేస్తుండు."

"జెర సప్పుడు చెయ్యకన్నా!" అని అరిచాను.

నిజం చెప్పాలంటే నా వేళ్లు అప్పటికే అంకెల మీద ఉన్నాయి. సార్ పుట్టిన సంవత్సరం కొట్టి చూద్దామన్న పాడు ఆలోచన వచ్చింది. ఆయన గురించి నాకు తెలియనిదేముందన్న పొగరు. కానీ అదీ తప్పైతే ఇక దారి లేదు. టోకెన్ పీక్కొని ల్యాబ్‌కి పరుగెత్తాను.

సార్ తలెత్తలేదు.

"పిన్ నేనే మార్చానయ్యా. నిన్న నువ్వు భోజనానికి వెళ్లినప్పుడు."

ఎలా మార్చారని అడగలేకపోయాను. సొరుగుకి తాళం లేదు, పాత పిన్ టేపు మీదే ఉంది.

"మళ్లీ పరీక్షించాలని నేను పక్కన పెట్టించిన వేరే సరుకుకి నా సంతకంతో సర్టిఫికెట్ ఉంది. స్టోర్‌లో కంటబడింది కాబట్టి ఆపాను. పసిపిల్లల జ్వరం మందులో కలిసే పొడి అది. ఏదన్నా జరిగితే రికార్డులో ఎవరి పేరు ఉండేది?"

ఆ రికార్డు సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు చేసిందే నేను. సంతకం పడిన తేదీ, సమయం, సార్ పేరు. నా పేరు ఎక్కడా ఉండదు. పసిపిల్లలకి ఏమన్నా అయ్యుంటే, రిటైర్ కాబోతున్న మనిషి కోర్టు మెట్లెక్కేవారు. నేను మాత్రం హాయిగా క్యాంటీన్‌లో చాయ్ తాగుతుండేవాణ్ణి. ఆ ఫైలు మీద పిన్ కొట్టినట్టు నాకు గుర్తు కూడా లేదు. ఇప్పటికీ నాకు భయం వేసేది దానికే.

"తప్పయింది సార్," అన్నాను. ఆయన తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తిట్టలేదు.

నా గదికి వచ్చి నా కుర్చీలో కూర్చున్నారు. సర్టిఫికెట్‌లో ఒక్కో వరుస మీద వేలు పెట్టి, ల్యాబ్ పుస్తకంతో సరిచూస్తూ చదివారు. బయట హారన్ మోగుతూనే ఉంది. డిస్పాచ్ అన్న రెండుసార్లు తలుపు దాకా వచ్చి, సార్‌ని చూసి వెనక్కి పోయాడు. చివరికి లారీలో ఉన్న ఈ సరుకు బాగానే ఉందన్నారు.

"ఒక్క అవకాశమే మిగిలింది సార్," అని భయంభయంగా చెప్పాను.

"నా పిన్ నాకు తెలుసుగా," అన్నారు.

టేపు పీకి చెత్తబుట్టలో వేశారు. టోకెన్ పెట్టారు. తర్వాత ఎడమ చెయ్యి కీబోర్డుకి అడ్డం పెట్టి, నాకు కనపడకుండా పిన్ కొట్టారు. ఆయన చెప్పకుండానే నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.