పాల క్యాను మీద బండి

నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

మా పాల బండికి ముందు చక్రాలను పట్టి ఉంచే బాల్ జాయింట్లు అరిగిపోతే, మా ఆయన వాటిని ఇంటి ముందరే మార్చబోయాడు. జాకీతో బండిని లేపి, కింద ఆసరాగా ఖాళీ పాల క్యాను బోర్లించాడు.

“గిది ఆగుతదా?” అన్నాను.

“ఇన్నేండ్లు మన ఇల్లు మోసింది, బండి మొయ్యదా? ఫికర్ జెయ్యకు” అన్నాడు.

పాత జాయింటు ఊడడానికి సుత్తితో కొట్టాడు. జాకీ జారింది. క్యాను నలిగి, బండి ఆయన కుడిచేతి మీద పడింది. ఆసుపత్రిలో వేళ్లన్నీ తీసేశారు.

మా బర్రె ఆ చేతికి తప్ప పాలు చేపదు. మర్నాడు పొద్దున్నే కొయ్యకు వేలాడుతున్న ఆయన చొక్కా తొడుక్కుని బర్రె దగ్గర కూర్చున్నాను. అది వాసన చూసి చేపింది. నేను పిండాను.