సాలమ్మకు ఇచ్చిన మొదటి మాట

ఎడమ చెయ్యి విరిగింది సాలమ్మకు. కొట్టినవాణ్ణి క్షమించిందేమో పాస్టరు బుచ్చిబాబు గారు. పిండికట్టు తడి ఆరకముందే ఆయన ఆ కొట్టిన మహిపాల్ వాళ్ళింటికి వెళ్ళి, టీ తాగి, "మా మనసులో ఏమీ లేదండీ" అని చెప్పి వచ్చారు. ఆమెను ఒక్క మాట అడిగితే కదా!

జనగామ వైపు పల్లె నుంచి మొగుడు పోశయ్యతో నాచారం వచ్చింది సాలమ్మ. ఒక కంపెనీలో మసాలా ప్యాకెట్లు డబ్బాల్లో సర్ది టేపు వేసే పని. పోశయ్య ఉప్పల్‌లో దవాఖానాలో పడి ఉన్నప్పుడు, పక్క మంచం రోగికి తోడుగా వచ్చిన ఒక ముసలావిడ అతని కోసం కూడా ప్రార్థన చేసింది. పోశయ్య బతకలేదు. అయినా సాలమ్మ ఆ ముసలావిడ వెంట ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. బియ్యం బస్తా ఇస్తే మతం మారిందని గల్లీలో ఎవరైనా అంటే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఏ బస్తా? నా ఇంట్ల ఏడుందో సూపియ్యి! మొగన్ని మట్టిల పెట్టొచ్చినంక పట్టుకున్న దేవుడు గాయన. నాకేం ఇయ్యలే. నా పక్కన కూసున్నడు, గంతే" అని నలుగురూ వినేలా అరిచేది. అరవదు మరి? రెక్కలు ముక్కలు చేసుకుని బతికేదాన్ని పట్టుకుని అమ్ముడుపోయిందంటే ఎవరికి కాలదు?

ప్రార్థన జరిగేది ఒక రేకుల షెడ్డులో. దాని యజమాని దుర్గేష్. మహిపాల్‌కు సొంత చిన్నాయన. ఒక ఆదివారం పాట నడుస్తుండగా కొందరు కుర్రాళ్ళు మతం మారుస్తున్నారని అరుస్తూ లోపలికి చొరబడ్డారు. డోలక్ చించేశారు. అది వాయించే త్రివేణి మీదికి మహిపాల్ ఇనుప కుర్చీ ఎత్తాడు. సాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

ఆ దెబ్బ సంగతి అలా ఉంచండి. కుర్చీ దించేముందు వాడు, "సాలమ్మత్తా, జరుగు" అన్నాడు. ఆ మాటే ఆమె గుండెలో దిగబడింది. అదే గల్లీలో పెరిగిన పిల్లాడు; చిన్నప్పుడు వాడి తల్లి మంచం పట్టినప్పుడు వాడికి సర్వపిండి కాల్చి పెట్టిన చెయ్యి అది. ఎవరిని కొడుతున్నాడో వాడికి బాగా తెలుసు. తెలిసీ కొట్టాడు.

సాలమ్మ ఒక్కతే పోలీస్ స్టేషన్‌కు పోయి వాడి పేరు చెప్పింది. మర్నాడు దుర్గేష్ పాస్టరు గారిని పిలిపించాడు. కేసు వాపసు తీసుకుంటే షెడ్డు ఉంటుంది, లేకపోతే తాళం పడుతుంది అన్నాడు. బుచ్చిబాబు గారు ఎండనక వాననక ఇల్లిల్లూ తిరిగి కూడగట్టుకున్న సంఘం అది. ఆ సాయంత్రమే ఆయన మహిపాల్ వాళ్ళింటికి వెళ్ళి టీ తాగి వచ్చారు.

గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్నీ సంఘంలో ఏడుగురు పంచుకుని తలా ఒకటి చెప్పడం ఆనవాయితీ. సాలమ్మకు ఏటా ఐదో మాటే ఇచ్చేవారు. దాహమవుతోందన్న మాట. చిన్నది, తడబడదని. ఈసారి పాస్టరు గారు ఆమెకు మొదటి మాట ఇచ్చారు. వీళ్ళు చేసేదేమిటో వీళ్ళకు తెలియదు, క్షమించు తండ్రీ అన్న మాట.

"దుర్గేష్ గారు మహిపాల్‌ని తీసుకొస్తారమ్మా. మీరు లేచి, క్షమించాను, కేసు వద్దు అనండి చాలు. విశ్వాసం కోసం దెబ్బలు తినడం మనకు ధన్యతమ్మా."

"ధన్యతైతే మీరు గూడ ఒక చెయ్యి ఇరగ్గొట్టిచ్చుకోకపోయిన్రా అయ్యగారూ?"

ఆయన వినిపించుకోనట్టు పాటల పుస్తకాలు సర్దుకున్నారు.

శుక్రవారం రేకుల కింద జనం ఉడికిపోతున్నారు. ముందు వరుసలో దుర్గేష్, పక్కనే మహిపాల్. సాలమ్మ తెల్లచీర కొంగు కట్టు మీద కప్పుకుని లేచింది.

"తెల్వక చేసినోళ్ళను క్షమించుమని దేవుడు అడిగిండు. గది పెద్ద మాట. నాకు నోరు తిరుగుతలేదు" అంది. "నిన్న అయ్యగారే ఇంకోటి చదివిన్రు. చెంప మీద కొట్టినోన్ని యేసు అడిగిండట, నేను తప్పు మాట్లాడితే చెప్పు, లేకుంటే ఎందుకు కొట్టినవని. గది నాకు నోటికొచ్చింది." మహిపాల్ వైపు తిరిగింది. "మహిపాలూ, నన్నెందుకు కొట్టినవ్ బిడ్డా?"

మహిపాల్ కళ్ళు ఆమె కట్టు మీదే ఆగిపోయాయి. "అత్తా..." అన్నాడు.

"లేరా! పోదాం పా!" దుర్గేష్ వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు.

సాయంత్రానికి షెడ్డుకు తాళం పడింది. చీకటి పడకముందే బుచ్చిబాబు గారు సాలమ్మ గుమ్మంలో నిలబడ్డారు.

"ఎంత పని చేశారమ్మా! ఇంతమందికి నీడ లేకుండా పోయింది. క్షమించడం అంత కష్టమా?"

సాలమ్మకు ఒళ్ళు మండిపోయింది. "కష్టమే! మోకాళ్ళ మీద కూసొని రోజూ అడుగుతున్న, నాతోని అయితలేదు. అయిననాడు నేనే పోయి వానికి చెప్త. కేసు మాత్రం కేసే, జరిగినదాన్ని జరగలేదని నేను అనను. నా చెయ్యి ఇరగ్గొట్టిన పాపం మాఫ్ చేసెటందుకు మీరెవరు? మీకు భయమైంది. భయమైతే భయమని చెప్పున్రి అయ్యగారూ, తప్పేం లేదు. దానికి క్షమాపణ అని పేరు పెట్టకున్రి!"

బుచ్చిబాబు గారు అరుగు మీద కూలబడ్డారు.

"భయమేసిందమ్మా" అన్నారు చెప్పులకేసి చూస్తూ. "ఆ రోజు కూడా. నేను మూలకు నక్కాను. మీరు అడ్డం వెళ్ళారు."

సాలమ్మ కోపం చల్లారలేదు. అయినా లోపలికి పోయి, ఒక్క చేత్తోనే చాప ఈడ్చుకొచ్చి గోడవారగా పరిచింది.

"ఈస్టర్ ప్రార్థన ఈడనే పెట్టుకుందాం. అందరికి చెప్పున్రి."

"ఇక్కడా? వాళ్ళు మళ్ళీ వస్తే?"

"రానియ్యున్రి" అంది సాలమ్మ. "మహిపాల్‌కు నా ఇల్లు ఎర్కనే. చిన్నప్పుడు ఈడనే తిన్నడు."