విరగని గులాబి పువ్వు

కాగిన నూనెలో గులాబి పువ్వుల అచ్చు ముంచితే చాలు, ఆ వాసనకు చిన్ననాటి కోపం తిరిగొస్తుంది. బొమ్మనహళ్ళిలో ప్రతి క్రిస్మస్‌కూ అమ్మ ఆ పిండివంట చేసేది. అచ్చుకంటుకుని విరిగినవి నాకు, నిండుగా వచ్చినవి పాటలు పాడుతూ ఇంటికొచ్చే చర్చి సంఘస్థులకు. ఒక ఏడాది, ఒక్కటైనా నిండు పువ్వు తినాలని, "ప్రభువా, ఈసారి ఏదీ విరగకూడదు" అని మోకరించి ప్రార్థించాను.

ఆయన విన్నాడు. ఒక్కటీ విరగలేదు. అమ్మ అన్నీ డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"నాకేది మా?"

"ఇరిగింది యాడుండాది పాపా? అన్నీ బాగొచ్చినాయి కదా!"

దేవుడి మీద అలిగి ఏడ్చాను. అమ్మ మూత తీసి, ఒక పువ్వును పుటుక్కున విరిచింది.

"ఇదో, ఇరిగింది. తిను."

సంఘంలో ప్రభువు బల్ల దగ్గర విరిచిన రొట్టె అందుకున్నప్పుడల్లా ఆ ముక్కే గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లుతాయి. నిండుదే ఇవ్వొచ్చు కదా అన్న ఉక్రోషం మాత్రం ఇంకా పోలేదు.