ఆడవాళ్ళ గదికి నేను కొట్టిన సున్నం

ఒక్క బకెట్ సున్నంతో ఒక ఆస్పత్రి చరిత్రను ఒక్క పూటలో మాయం చేసిన ఘనత తమిళనాట మా ధర్మపురిలో నాది. భగవంతుడి దయ, ఎవరూ రాళ్ళు రువ్వలేదు.

డెబ్బైలలో మాట. మూతపడిన పిచ్చాసుపత్రి కథను ఊరివాళ్ళమే రాసి దాచాలని మా వీధి బడిపంతులు, వాత్తియార్ మామ, పూనుకున్నాడు. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడని నోరు లేదు, చదివే కన్ను లేదు; బడిలో నేర్పేదంతా అరవమే. బడి గడప తొక్కకపోయినా అవ్వ దగ్గర అక్షరాలు దిద్దినదాన్ని నేనొక్కదాన్నే.

“ఆడవాళ్ళ గది నువ్వు చూసుకోమ్మా. రేపు అందరమూ వస్తాము” అన్నాడు మామ.

ఆడదానికి గది అప్పగిస్తే ఏం చేస్తుందో మీరే చెప్పండి! ఆ పూటే వెళ్ళి, బూజు దులిపి, సున్నం కొట్టేశాను. గోడల నిండా బొగ్గుతో తెలుగు రాతలు. చదవకుండా చెరిపితే సరస్వతికి కోపమట. అందుకని ఒక్కొక్కటీ చదివి, కళ్ళకద్దుకుని మరీ చెరిపాను. అంత భక్తి!

మరునాడు మామ కడత్తూరు రుక్కమ్మత్తను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె అక్క ఆ గదిలోనే కన్నుమూసిందట. అక్క రాసింది చదివించుకుని వినాలని ముసలామె ఆశ.

మామ తిరునాళ్ళలో బిడ్డను పోగొట్టుకున్నవాడిలా గోడలు వెతికాడు.

“రాతలు ఏవమ్మా?”

“ఏ రాతలు మామా?”

“నిన్ను పిలిచిందే వాటిని ఎత్తి రాసేదానికి గదా!”

“గోడ ఎంత తెల్లగా ఉందో చూడు మామా...”

“తెల్లగానా? నా మొహమూ అట్లే ఉంది, చూడు!”

అడుసు తొక్కితే కాలు కడుక్కోవచ్చు. సున్నం తొక్కితే ఊరంతా అడుగులే. రుక్కమ్మత్త మాత్రం తడిగోడను వేలితో తాకి, “అక్క మాట ఒకటన్నా వినిపోదామని వచ్చినాను. పోనీలే” అంది. మామ అరుపులకన్నా ఆ “పోనీలే” గట్టిగా తగిలింది.

“ఉండత్తా! నేను చదివినాను. మీ అక్క పేరేమి?”

“చెంగమ్మ.”

కళ్ళు మూసుకున్నాను. పద్యాలు కంఠస్థం చేయించిన అవ్వకు వెయ్యి దండాలు.

“కిటికీ పక్కన ఉండె. ‘చెంగమ్మ రాసినది. ఈ గోడలు చూస్తే అన్నం దిగదు. ఏ పుణ్యాత్మురాలైనా వచ్చి సున్నం కొట్టండి. పల్చగా కొట్టి మోసం చేయకండి.’”

రుక్కమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. “మా అక్కే! ఇంట్లోనూ ఇదే పోరు!” తరవాత గోడను గోటితో గీకి చూసి, గంభీరంగా అడిగింది:

“ఎన్ని పూతలు కొట్టినావే?”

“మూడు అత్తా. అది చదివినందుకే మూడోది!”

ఆ పూటంతా నన్ను నేలమీద కూర్చోబెట్టి, మిగిలిన రాతలన్నీ నా చేత అప్పజెప్పించుకున్నాడు మామ. ఇంటికొచ్చి దీపం ముందు ఒట్టు వేసుకున్నాను: ఈ జన్మలో ఎవరు గది అప్పగించినా, ఎందుకని అడగనిదే కుంచె ముట్టను. ఆ గోడే నోరు తెరిచి అడిగితే తప్ప.