చక్ కీ జేబులో పడ్డాకే స్విచ్చి: మా దావీదు మేస్త్రి గారు

దావీదు మేస్త్రి గారు ఇక లేరు. శనివారం సాయంత్రం షట్టరు దించుతూ "సోమవారం మిషన్‌కి ఆయిల్ మార్చాలి, త్వరగా రావయ్యా" అన్న మనిషి, తెల్లవారేసరికి నిద్రలోనే వెళ్లిపోయారు. కబురు తెచ్చిన ఆటో అతన్ని "ఏ దావీదు గారు?" అని రెండుసార్లు అడిగాను. తెలిసే అడిగాను.

నూజివీడు బస్టాండు వెనక మా షాపులో ఆయన మిల్లింగ్ మిషన్ మీద, నేను పక్కనే లేత్ మీద పద్దెనిమిదేళ్లు పనిచేశాం. పదో తరగతితో చదువు ఆగినా, శాఖా గ్రంథాలయంలో యంత్రాల పుస్తకాలన్నీ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివినవాణ్ని నేను. అందుకే ఆయన నన్ను పేరుతో పిలవలేదు. "ఏవయ్యా లైబ్రరీ, ఇవాళ ఏ పేజీ?" అన్నదే పొద్దుటి పలకరింపు.

డ్రిల్ బిట్టును పట్టుకునే చక్‌ను ఆయన మిషన్‌కు ఎక్కించే తీరు చూసి తీరాలి. చక్ వెనకనున్న ఏటవాలు కాడను, అది కూర్చునే రంధ్రాన్ని పాత పంచె గుడ్డతో తుడిచి, ఇనుప రజను మిగిలిందేమోనని వేలితో తడిమేవారు. చక్ జారిపడినా దెబ్బ తగలకుండా కింద చెక్క పరిచేవారు. కాడను పైకి తోసి, దాన్ని పట్టి ఉంచే పొడవాటి బోల్టును పైనుంచి స్పానర్‌తో బిగించేవారు. బిట్టు పెట్టి, చక్‌కున్న మూడు బెజ్జాల్లోనూ కీ తిప్పేవారు. ఆ కీ ప్యాంటు జేబులో పడ్డాకే స్విచ్చి. చక్‌లోనే మరిచిపోతే, మిషన్ తిరగగానే కీ రాయిలా ఎగిరొస్తుంది మరి.

ఒక ఆదివారం చర్చిలో కానుకల సంచి ముందుకొస్తే, ఆయన జేబులోంచి పది రూపాయల నోటుతో పాటు ఆ కీ కూడా సంచిలో పడింది. ఆరాధన అయ్యాక పాస్టరు గారు దాన్ని పైకెత్తి "ఇదెవరి కానుకండీ?" అన్నారట. "నాదేనండి. మిషన్‌లో మరిచిపోవడం కన్నా మీ దగ్గర మరిచిపోవడం నయం కదండీ!" అన్నారట మేస్త్రి గారు.

ఆయన అసలు గట్టిదనం ఒక మే నెల శనివారం చూశాను. రెడ్డిగూడెంలో మామిడి గుజ్జు తీసే చిన్న ఫ్యాక్టరీ నడిపే రత్నం గారు పరుగున వచ్చారు. మోటారును బిగించే ఇనుప పట్టీ విరిగింది. పొడవాటి గాడితో కొత్తది కావాలి. గాడి కోసే కట్టర్ మా దగ్గరుంది కానీ, దాన్ని పట్టుకునే కాలెట్ అంతకుముందు రోజే పగిలింది. కొత్తది విజయవాడ నుంచి సోమవారం గానీ రాదు. అప్పటికి పండ్లన్నీ పాడవుతాయి.

"కట్టర్‌ని డ్రిల్ చక్‌లో పెట్టి నెమ్మదిగా లాగించేద్దామండి" అన్నాను నేను, చదువుకున్నవాడి ధీమాతో.

"బిట్టు పైకి తోస్తుంది, చక్ ఇంకా గట్టిగా కూర్చుంటుంది. కట్టర్ పక్కకి తోస్తుంది, బోల్టు కాడను పట్టి ఉంచినా చక్ ఆ కాడ మీంచి ఊడొస్తుంది. ఆ పేజీ చదవలేదేంటి లైబ్రరీ?"

"నా పళ్లు కుళ్లిపోతున్నాయి మేస్త్రీ!" అని రత్నం గారు కేకలేశారు.

"కాయలు వచ్చే ఏడు మళ్లీ కాస్తాయండీ. వేళ్లు కాయవు. చొక్కా చేతులు మడవండి, మీక్కూడా పనుంది."

అదే చక్‌తో వరసగా పక్కపక్కనే బెజ్జాలు వేశారు. మధ్య మిగిలిన ఇనుమును ఉలితో కొట్టి, నా చేతికొక ఆకురాయి, రత్నం గారి చేతికొక ఆకురాయి ఇచ్చారు. "మీ ఫ్యాక్టరీ మీరు నడుపుకోండి మరి, రుద్దండి!" అంటూ తానూ అందుకున్నారు. చీకటి పడకముందే పట్టీ రెడ్డిగూడెం చేరింది. పండ్లు దక్కాయి. మర్నాడు గ్రంథాలయం తెరవగానే వెళ్లి చూస్తే, ఆ పేజీ ఉంది. నేనే చదవకుండా తిప్పేశాను.

సమాధి దగ్గర రత్నం గారు కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. "ఆ పట్టీ ఇంకా నడుస్తోందయ్యా. గాడిలో ఒక వైపు అద్దంలా ఉంటది. రెండో వైపు మనిద్దరిదీ!" చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వేశారు. మేస్త్రి గారి భార్య కూడా.

సోమవారం ఆయిల్ నేనే మార్చాను. ఇకనుంచి ఆ మిషన్ పని కూడా నాదేనన్నారు షాపు యజమాని. మేస్త్రి గారూ, మీ వైపు నునుపు నాకెప్పటికీ రాదు. చక్ మాత్రం మీరు బిగించినట్టే బిగిస్తాను.