కాలానికి గీత గీసే చోటు

బస్సు సోమందేపల్లి దాటి పెనుకొండ వైపు పోతుండగా, రాయి కోసే మిషన్ల దగ్గరి తడిదుమ్ము వాసన కిటికీలోంచి వచ్చింది. పక్కనున్నామె ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది. నాకైతే ఆ వాసన వస్తే వనజమ్మ మేడం పక్కన నిలబడి కసురుతున్నట్టే ఉంటుంది. హిందూపురం కాలేజీలో ఆమె మాకు భూగర్భశాస్త్రం చెప్పేవారు. మెచ్చుకోవడం ఆమెకు బొత్తిగా చేతకాదు.

భూమి గడిపిన కాలాన్ని శాస్త్రజ్ఞులు యుగాలుగా, వాటిని మళ్ళీ చిన్న భాగాలుగా విడగొట్టారు. ఆ పేర్లు నోరు తిరగక చచ్చేదాన్ని. డెవోనియన్ అంటే ఇంగ్లండులో ఒక సీమ పేరనీ, జురాసిక్ అంటే ఐరోపాలో కొండల పేరనీ, ఆ రాళ్ళను మొదట ఎక్కడ బాగా చదివారో ఆ చోటి పేరే కాలానికి పెట్టారనీ ఆమె చెప్పారు. "మా తాడిమర్రి పేరు యాడా లేదా మేడం?" అన్నాడు వెనక బెంచీలో ఒకడు. "రాళ్ళమింద కూచోని కబుర్లు చెప్పకుండా వాటిని చదివింటే పెట్టిందురేమోలే అబ్బా," అన్నారామె.

ఒకసారి మమ్మల్ని పెనుకొండ కొండ మీదికి తీసుకుపోయి, బండను తట్టి చూపిస్తూ చెప్పారు: "దీంట్లో గవ్వలు, ఎముకలు దొరకవు. ఇంత పాతకాలంలో ఒక భాగానికీ ఇంకో భాగానికీ నడుమ ఏండ్ల లెక్కతోనే గీత గీసినారు. ప్రాణుల గుర్తులుండే రాళ్ళలో అట్ల కాదు." ఆ రాళ్ళలో గీత ఎక్కడ పడుతుందని పరీక్షలో అడిగితే, పాత జంతువులు అంతరించిన చోట అని రాశాను. అందరి ముందూ కడిగేశారు. "చచ్చిన చోట కాదు పాపా. చానావరకు కొత్త ప్రాణి మొదట కనబడిన చోట. మొదలుకే గుర్తు పెడతారు. పై పొర మొదలైతే కింది పొర అయిపోయినట్టే." నాకు ఒళ్ళు మండింది.

ఆ ఏడే ధర్మవరంలో నాయన పోయాడు. గుంటమగ్గం మీద ఆయన సగం నేసిన పట్టుచీర అట్లాగే ఉండిపోయింది. దాన్ని కోయడానికి గానీ, పూర్తి చేయడానికి గానీ మాకు చేతులు రాలేదు. నేను కాలేజీ మానేశాను. ఇంట్లో ప్రతి మాటా "నాయన పోయినాక" అనే మొదలయ్యేది.

కొన్నాళ్ళకు మేడం బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మగ్గం వైపు చూసి, "ఎవరు నేస్తారమ్మా దీన్ని?" అన్నారు.

"ఆయప్ప చేయి ఆగిన చోటే ఉండాది మేడం. నేను కండెలకు దారం చుట్టేదే గానీ, ఎప్పుడూ మగ్గంలో కూచోలేదు," అంది అమ్మ.

"కూచోకుంటే ఎట్ల తెలుస్తాది?" అని ఆమె నా వైపు తిరిగారు. "నువ్వింకా తప్పుచోటే గీత గీస్తాండావు. సోమవారం క్లాసుకు రా."

ఆమె వెళ్ళాక ఏడ్చాను. కోపంతోనో దుఃఖంతోనో ఇప్పటికీ తెలియదు. మరునాడు పొద్దున అమ్మ గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంది. మొదటి జానెడు నేత వంకరపోయింది. "నన్ను చూస్తా నిలబడితే నీకు చదువొస్తాదా? పోయి బట్టలు సర్దుకో," అంది. సోమవారం కాలేజీకి పోయాను.

ఇప్పుడు ఆ పాఠం నేనే చెబుతున్నాను, ఆమె కసురుతో సహా. నిన్న మేడం పోయారు; ఆమె చివరిచూపుకే ఈ బస్సులో పోతున్నాను. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "నేను మగ్గంలో కూచున్న ఏడు కదా, ఆయమ్మ మనింటికొచ్చింది," అంది.

అది నాయన పోయిన ఏడు. అమ్మ అట్లా అనలేదు. నేనూ ఇక అనను.