పెళ్ళిచూపుల చలానా

మండపేట కానిస్టేబుల్ మంజుషకి చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏ పని ముందుకొచ్చినా "అందరూ ఇలాగే చేస్తేనో?" అని అడుగుతుంది. నాలుగో తరగతిలో లీడరుగా పెడితే, మాట్లాడినవాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తూ "నోర్మూసుకోండర్రా" అని అరిచినందుకు తన పేరు కూడా రాసేసుకుంది. మేష్టారు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు. అలాంటి పిల్లకి ఖాకీ బట్టలిస్తే ఇంకేముంది? సొంత నాన్న బండి ఆపింది. పాలవాడి బండి ఆపింది. "దీనికి మొగుడెక్కణ్ణుంచి వస్తాడ్రా దేవుడా" అని వాళ్ళమ్మ నెత్తి కొట్టుకునేది.

వచ్చాడండీ, బండి నడుపుతూ ఫోన్ మాట్లాడుకుంటూ మరీ వచ్చాడు! ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టున్న గణేష్‌బాబు. ఆమె చలానా రాస్తున్నంతసేపూ మొహమే చూశాడు. మర్నాడు డబ్బు కట్టేశానని చెప్పడానికి పనిగట్టుకుని వచ్చాడు. ఆ మర్నాడు కొత్త హెల్మెట్ చూపించడానికి వచ్చాడు. కొన్నాళ్ళకి మంజుష కూడా ఆ నీలం హెల్మెట్ కోసం రోడ్డు చివరిదాకా చూడటం మొదలెట్టింది.

అడ్డమల్లా గణేష్‌బాబు మామ్మ చిట్టెమ్మ. ఆ ఇంట్లో ఆవిడ ఊ అంటేనే ఏదైనా జరుగుతుంది. "పోలీసు పిల్లా? రేపు నన్ను లాకప్పులో పెట్టదూ?" అని ఆవిడ అనుమానం. ఆవిడ చూసి సరేనంటే పెళ్ళి, కాదంటే ఇద్దరూ ఎవరి దారి వాళ్ళు చూసుకోవాల్సిందే.

తీరా పెళ్ళిచూపుల రోజునే తోటి కానిస్టేబుల్‌కి జ్వరం వచ్చింది. "పదకొండింటిదాకా నించుని, వచ్చి చీర కట్టుకుంటాలే అమ్మా" అని మంజుష సెంటర్‌లో డ్యూటీకెక్కింది. అటు మామ్మ ఎక్కిన కారు ఊరి మొదట్లోనే పంక్చరయింది. వర్జ్యం ముంచుకొస్తోంది. వర్జ్యంలో పిల్లని చూస్తారా ఎవరైనా? మామ్మ కంగారు చూసి, వెనకే బండి మీద వస్తున్న గణేష్‌బాబు ఆవిడనీ, మేనమామ శ్యాంబాబునీ ఎక్కించుకున్నాడు. తిన్నగా మంజుష ముందుకొచ్చి పడ్డాడు.

ఒక బండి మీద ముగ్గురు! మంజుష అటు తిరిగి ధాన్యం లారీని చూస్తున్నట్టు నటిస్తే సరిపోయేది. కానీ పొద్దున్నే అదే చోట ముగ్గురు మిల్లు కూలీలని ఆపి చలానా రాసింది. చెయ్యి దానంతటదే లేచింది.

"ఏవండీ, బండి పక్కకి పెట్టండి."

"మంజూ, మా మామ్మ!" గణేష్‌బాబు కళ్ళతోనే దణ్ణం పెట్టాడు.

"నమస్కారమండి మామ్మగారూ. ఒకరు దిగాలండి. చలానా కూడా పడుతుందండి."

చిట్టెమ్మ నోరెళ్ళబెట్టింది. తేరుకుని, ఒళ్ళోని డబ్బా మూత తీసింది. "ఎండలో పడి ఉన్నావు, ముందు ఓ పూతరేకు నోట్లో వేసుకో అమ్మా."

"డ్యూటీలో ఏదీ తీసుకోనండి."

అయ్యింది! గోదావరి వాళ్ళని తిట్టినా సర్దుకుపోతారుగానీ, పెట్టింది వద్దంటే ఊరుకుంటారా? మామ్మ మొహం కందగడ్డయిపోయింది. "ఒరేయ్, మీ మావయ్యని దింపేసి రా. మనింటి పూతరేకు వద్దన్న మనిషిని నేను తీరిగ్గా చూసుకోవాలి" అంటూ పోలీసు గొడుగు కింద కుర్చీలో కూలబడింది. మంజుషకి ఏడుపు తన్నుకొస్తోంది. అది బయటపడకుండా గట్టిగా ఈల ఊదింది.

ఇంతలో ఎర్రలైటు లెక్కచెయ్యకుండా రైస్‌మిల్లు రాజేంద్రగారి కారు దూసుకొచ్చింది. మంజుష ఆపింది.

"నేనెవరో తెలుసా అమ్మాయ్? ఎస్సైగారికి ఫోన్ చెయ్యమంటావా?"

"చెయ్యండి. కారు పక్కకి పెట్టుకుని చెయ్యండి. నడుపుతూ చేస్తే అది ఇంకో చలానా అండి."

గొడుగు కింద ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఆయనకీ రాసేశావేంటి?" అంది మామ్మ. "నాకు రాసినట్టే?"

"మీకు రాసినట్టేనండి. ఒకరిని వదిలేస్తే, అందరూ ఇలాగే చేస్తేనో?"

మామ్మ ఆ మాటని పూతరేకులా కాసేపు నోట్లోనే ఉంచుకుంది. తర్వాత కుర్చీ ముందుకి జరిపింది. "అమ్మాయ్, అదిగో, హెల్మెట్ లేదు! ఆ ఎర్రచొక్కా వాడు ఫోన్ మాట్లాడుతున్నాడు, వదలకు!" ఆవిడ కేకలకి కుర్రాళ్ళు బళ్ళు దిగి నడిపించుకుపోతున్నారు. ఇక వర్జ్యం ఎవరికి గుర్తుంది?

గణేష్‌బాబుకి గుర్తుంది. మావయ్యని దింపి, మామ్మ కోసం వెనక్కొస్తూ, చుట్టూ తిరిగితే ఆలస్యమవుతుందని వన్‌వేలో ఎదురొచ్చేశాడు. మంజుష కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళికొడుక్కి ఒక్క పూటలో రెండోదా? అయినా చెయ్యెత్తబోయింది. అప్పటికే బండికి అడ్డంగా మామ్మ చేతికర్ర పడింది.

"మామ్మా, వర్జ్యం వచ్చేస్తోందే!"

"వస్తే రానీ. అందరూ ఇలాగే చేస్తేనో? రాయమ్మా వీడికి!"

మంజుష రాసేసింది. పదకొండింటికి వేరే కానిస్టేబుల్ రాగానే, టోపీ తీసి చంకలో పెట్టుకుని మామ్మ ముందు చెయ్యి చాపింది.

"డ్యూటీ అయిపోయిందండి. ఇప్పుడు పెట్టండి."

మామ్మ పూతరేకు చేతిలో పెట్టలేదు, నోట్లోనే పెట్టింది. "నాకు పిల్ల నచ్చిందిరా. నువ్వే ఈ పిల్లకి తగుతావో లేదో" అంది మనవడితో.

గణేష్‌బాబు ఎగిరి గంతేసి బండి తీశాడు. "ఎక్కండెక్కండి, ఇంటికెళ్దాం!"

మామ్మ అతన్నీ, మంజుషనీ చూసింది. తనని కూడా కలుపుకుని లెక్కపెట్టింది.

"దిగరా వెధవా."

నీలం హెల్మెట్ మామ్మ నెత్తికెక్కింది. మంజుష తన హెల్మెట్ పెట్టుకుని బండి నడిపింది. పెళ్ళికొడుకు మాత్రం పూతరేకుల డబ్బా పట్టుకుని, తన పెళ్ళిచూపులకి తనే నడుచుకుంటూ వెళ్ళాడు.